కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్, పేపర్ పంపడం: జూనియర్లు పదే పదే అడిగే ప్రశ్నలు

నాది తెలుగు మీద కంప్యూటర్ పని. అంటే ఒక కాలు తెలుగు శాఖల సదస్సుల్లో, ఇంకో కాలు ఏసీఎల్, ఈఎంఎన్‌ఎల్‌పీ లాంటి భాషా కంప్యూటింగ్ కాన్ఫరెన్సుల్లో. రెండు చోట్లా పేపర్లు పంపా, రెండు చోట్లా వెనక్కి కొట్టించుకున్నా, కొన్నేళ్ళుగా రివ్యూలు (వేరేవాళ్ళ పేపర్లు చదివి తీసుకోవాలో వద్దో చెప్పడం) కూడా చేస్తున్నా. డెడ్‌లైన్ వారం వచ్చిందంటే చాలు ఫోన్లు మొదలవుతాయి, అందరూ అడిగేవి ఇవే, అందుకే ఒకసారి రాసి పెడితే వాట్సాప్‌లో పడేయొచ్చని కూర్చున్నా.

అబ్‌స్ట్రాక్ట్ అంటే ఇంట్రడక్షన్‌ని కుదించి రాయడమేనా?

కాదండీ. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కొంచెం సాగదీసి చెప్తా. అబ్‌స్ట్రాక్ట్ అంటే పేపర్ మొదట్లో ఉండే చిన్న పేరా, అందులోనే పేపర్ మొత్తం ఉండాలి, చివరికి ఏం తేలిందో దాంతో సహా. మనవాళ్ళు ఆ తేలింది మాత్రం దాచేస్తారు, "ఫలితాలను చర్చించడమైనది" అని ఊరుకుంటారు. ఏం చర్చించారయ్యా అంటే పేపర్ చదవండి అంటారు, చదవాలో వద్దో తేల్చుకోడానికే కదా అవతలివాడు అబ్‌స్ట్రాక్ట్ చూస్తున్నది.

పెద్ద కాన్ఫరెన్సుల్లో బిడ్డింగ్ అని ఒకటుంటుంది, చాలామందికి తెలీదు. పేపర్లన్నీ వచ్చాక రివ్యూయర్ల ముందు ఒక పెద్ద లిస్ట్ పెడతారు, అందులో టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే కనపడతాయి, ఇది నేను చదువుతా, ఇది వద్దు అని టిక్కులు పెట్టుకుంటూ పోవాలి. నేనైతే రాత్రి భోజనం అయ్యాక కూర్చుంటా, వందల్లో ఉంటాయి, ఒక్కోదానికి అర నిమిషం ఇస్తే గొప్ప. మీ మొదటి రెండు వాక్యాలు "ఇటీవలి కాలంలో డీప్ లెర్నింగ్ అనేక రంగాలలో విప్లవాత్మక మార్పులు తెచ్చింది" అని ఉంటే నా వేలు ఈలోపే కింద పేపర్ మీదకి జారిపోతుంది. అప్పుడేమవుతుందంటే మీ పని గురించి నిజంగా తెలిసినవాడి దగ్గరికి పేపర్ చేరదు, ఎవరికి పడితే వాళ్ళకి పడుతుంది, తర్వాత రివ్యూయర్‌కి సబ్జెక్ట్ తెలీదని మీరే తిట్టుకుంటారు.

తెలుగు సదస్సుల్లో దీని అన్నయ్య ఒకడున్నాడు: ఏ టాపిక్ అయినా నన్నయ దగ్గర మొదలెట్టడం. టాపిక్ ఏమో యూట్యూబ్ కామెంట్లలో తెలుగు, మొదటి పేరా ఏమో పదకొండో శతాబ్దం, రాజమహేంద్రవరం.

సరే, ఒక ఉదాహరణ చూపించండి.

చేనేత పదాల మీద అబ్‌స్ట్రాక్ట్ అనుకుందాం. మామూలుగా నా దగ్గరికి వచ్చేది ఇలా ఉంటుంది:

"తెలుగు భాష అతి ప్రాచీనమైనది. చేనేత మన సంస్కృతిలో అంతర్భాగం. నేటి ప్రపంచీకరణ నేపథ్యంలో చేనేత వృత్తి పదజాలం అంతరించిపోతున్నది. ఈ పత్రంలో చేనేత పదజాలాన్ని పరిశీలించి, పలు సూచనలు చేయడమైనది."

ఇందులో తప్పేమీ లేదు. ఒప్పు కూడా ఏమీ లేదు. ఊరు లేదు, మనుషులు లేరు, ఒక్క చేనేత పదం కూడా లేదు! ఇదే అబ్‌స్ట్రాక్ట్‌లో చేనేత తీసేసి కుమ్మరం పెట్టినా, వడ్రంగం పెట్టినా అలాగే నిలబడుతుంది, అదే దీని జబ్బు. ఇప్పుడు ఇది చూడండి, అంకెలు మాత్రం నేను ఊహించి వేసినవి, నిజం సర్వే కాదు:

"భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం చేనేత సంపుటం 1971లో వచ్చింది. అందులోని 120 పదాలు తీసుకుని ఒకే ఊళ్ళో 60 దాటిన 20 మంది నేతగాళ్ళనీ, 30 లోపు 20 మందినీ అడిగాం. పెద్దవాళ్ళు సగటున 104 పదాలు గుర్తుపట్టారు, చిన్నవాళ్ళు 61. చిన్నవాళ్ళకి తెలియనివి ఎక్కువగా నూలు వడకడం, చేత్తో ఆసు పోయడం లాంటి పనుల పదాలు, ఆ పనులు ఊళ్ళో ఇప్పుడు జరగడం లేదు. పడుగు, పేక, నాడె, కండె లాంటి మగ్గం దగ్గరి మాటలు రెండు తరాల్లోనూ ఉన్నాయి. పదం పోవడానికి వయసు కన్నా పని పోవడమే కారణమని ఈ పత్రం వాదిస్తుంది."

ఇక్కడ గొడవ పడటానికి ఏదో ఉంది. ఒకాయన లేచి, ఒక్క ఊరు చూసి ఎలా చెప్తారు అనొచ్చు, ఇంకొకాయన ఆసు యంత్రం (నేతకి ముందు నూలును పిన్నుల చుట్టూ చేత్తో తిప్పే పనిని తనే చేసే మిషన్) వచ్చిన ఊళ్ళు, రాని ఊళ్ళు పోల్చారా అనొచ్చు (చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం సంగతి తెలిసినవాళ్ళు తప్పకుండా అడుగుతారు). అలా అడగాలనిపించిందంటే అబ్‌స్ట్రాక్ట్ పని చేసినట్టే.

ఎన్ని పదాలు ఉండాలి?

కాల్‌లో (పేపర్లు పంపమని కాన్ఫరెన్స్ వాళ్ళు వేసే ప్రకటన) ఎంత రాస్తే అంత. ఐ ట్రిపుల్ ఈ (ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం) వాళ్ళది సాధారణంగా 150 నుంచి 250 పదాలు, ఒకే పేరా. ఏసీఎల్ పేపర్లలో 200 దగ్గర ఆగితే బాగుంటుంది. రిఫరెన్స్ నంబర్లు, ఈక్వేషన్లు, ఫుట్‌నోట్లు అబ్‌స్ట్రాక్ట్‌లో పెట్టకండి. ఇంకోటి, పేపర్లోంచి కాపీ కొట్టి వెబ్‌సైట్ ఫారమ్‌లో పేస్ట్ చేసేటప్పుడు లేటెక్ (పేపర్లు టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్) కమాండ్లు, మధ్యలో విరిగిన లైన్లు అలాగే వచ్చేస్తాయి, ఒకసారి చదివి శుభ్రం చేయండి.

రిజల్ట్స్ ఇంకా రాలేదు, అబ్‌స్ట్రాక్ట్ పంపేయొచ్చా?

ఏ రకం కాన్ఫరెన్స్ అన్నదాన్ని బట్టి. చరిత్ర, సాహిత్యం, సోషల్ సైన్స్ వైపు అబ్‌స్ట్రాక్ట్ చూసే తీసుకుంటారు, పూర్తి పేపర్ తర్వాత. అక్కడ పని నడుస్తుండగానే పంపొచ్చు, కానీ చేతిలో సగమన్నా ఉండాలి, ఇప్పటిదాకా ఏం కనపడిందో అది రాయండి, రాబోయేది ఊహించి రాయకండి, ఎందుకంటే సావనీర్‌లో అచ్చయ్యేది అదే, తర్వాత మీ డేటా వేరేలా చెప్తే స్టేజ్ మీద మీరే ఇబ్బంది పడతారు.

కంప్యూటర్ సైన్స్‌లో లెక్క వేరు, అక్కడ తీసుకునేది పూర్తి పేపర్ చూసి. న్యూరిప్స్ (మెషిన్ లెర్నింగ్ కాన్ఫరెన్స్) లాంటి చోట్ల అబ్‌స్ట్రాక్ట్‌కి ముందొక డెడ్‌లైన్, పేపర్‌కి కొన్ని రోజుల తర్వాత ఇంకో డెడ్‌లైన్ ఉంటాయి. మొదటిది మిస్సయితే రెండోదానికి దారే ఉండదు. ఏదో ఒకటి పడేద్దాం, తర్వాత మారుద్దాం అని "అబ్‌స్ట్రాక్ట్ కమింగ్ సూన్" అని పెడితే పీకేస్తారు కూడా.

డెడ్‌లైన్ పక్కన ఏఓఈ అని ఉంది, అదేంటి?

ఎనీవేర్ ఆన్ ఎర్త్. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఇంకా ఆ తారీఖు నడుస్తుంటే డెడ్‌లైన్ అవ్వనట్టే అని లెక్క. టైమ్‌జోన్ ప్రకారం యూటీసీ మైనస్ 12, ఆ జోన్‌లో ఉన్నవి బేకర్, హౌలండ్ అనే రెండు చిన్న దీవులు, అక్కడ మనుషులే ఉండరు, అయినా ప్రపంచంలో పీహెచ్‌డీ పిల్లలందరూ ఆ దీవుల టైమ్ ప్రకారమే బతుకుతుంటారు. మనకీ దానికీ పదిహేడున్నర గంటల తేడా. అంటే 15వ తారీఖు రాత్రి 11:59 ఏఓఈ అంటే మనకి 16 సాయంత్రం 5:29.

ఆ ఎక్స్‌ట్రా పగలు దొరికిందని సంబరపడకండి. నేను ఒకసారి సరిగ్గా ఆ చివరి అరగంటలో టేబుల్ 2లో ఒక అంకె దిద్ది, మళ్ళీ కంపైల్ చేసి, అప్‌లోడ్ కొట్టి, టీకి వెళ్ళిపోయా. అప్‌లోడ్ అయింది పొద్దుటి ఫైల్. ఫోల్డర్‌లో ఫైనల్, ఫైనల్2, ఫైనల్_లాస్ట్ అని మూడున్నాయి, మరి నాదే తప్పు. రివ్యూయర్ ఒకాయన "టేబుల్‌కీ టెక్స్ట్‌కీ పొంతన లేదు" అని రాశాడు, కరెక్టే రాశాడు. అప్పట్నుంచి రెండు అలవాట్లు: ముందు రోజే ఒక వెర్షన్ పడేస్తా, గడువు లోపల ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు కాబట్టి, అప్‌లోడ్ అయ్యాక సైట్‌లోంచి మళ్ళీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూస్తా.

లేటెక్‌లో తెలుగు రాస్తే డబ్బాలు డబ్బాలు వస్తున్నాయి, లేకపోతే ఒత్తులు విడిపోతున్నాయి.

మామూలు పీడీఎఫ్‌లేటెక్‌లో తెలుగు రాదు, అక్కడ టైమ్ వేస్ట్ చేయకండి. ఓవర్‌లీఫ్‌లో (బ్రౌజర్‌లోనే లేటెక్ రాసే సైట్) మెనూకి వెళ్ళి కంపైలర్‌ని జీలేటెక్‌కో లువాలేటెక్‌కో మార్చండి, ఫాంట్‌స్పెక్ ప్యాకేజ్ పెట్టి నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ ఒకటి ఇవ్వండి. డబ్బాలు పోతాయి. ఒత్తులు విడిపోవడం వేరే రోగం, ఫాంట్ ఇచ్చేచోట స్క్రిప్ట్ తెలుగు అని చెప్పకపోతే అలా అవుతుంది, "స్త్రీ" కాస్తా మూడు ముక్కలై పొల్లులతో కూర్చుంటుంది. లువాలేటెక్ అయితే రెండరర్ హార్ఫ్‌బజ్ అని కూడా ఇవ్వాలి.

టెంప్లేట్ పీడీఎఫ్‌లేటెక్‌తోనే చేయాలని పట్టుబట్టే కాన్ఫరెన్సులు కొన్ని ఉన్నాయి. అప్పుడు తెలుగు ఉదాహరణల్ని విడిగా పీడీఎఫ్ చేసి బొమ్మలా అతికించడమే. స్క్రీన్‌షాట్ మాత్రం వద్దు, జూమ్ చేస్తే అలుక్కుపోతుంది.

ఉదాహరణ ఇచ్చేటప్పుడు తెలుగు లిపిలో ఒక వరస, దాని కింద పదం పదానికి ఇంగ్లీషు గ్లాస్ (ఒక్కో ముక్కకి అర్థం, వ్యాకరణం), దాని కింద అనువాదం, ఇలా మూడు వరసలు ఇవ్వండి. దీనికి లైప్‌జిగ్ గ్లాసింగ్ రూల్స్ అని ఉన్నాయి, భాషాశాస్త్రం వాళ్ళందరూ అవే వాడతారు. రివ్యూయర్‌కి తెలుగు రాదని గుర్తుపెట్టుకోండి, "వచ్చాడు" లో "డు" ఏంటో ఆయనకి మీరే చెప్పాలి.

సదస్సు వాళ్ళు అనూ ఫాంట్‌లో, పేజ్‌మేకర్‌లో పంపమంటున్నారు. నేను యూనికోడ్‌లో టైప్ చేశాను.

ఈ బాధ ఇంగ్లీషులో రాసేవాళ్ళకి అర్థం కాదు. అనూ అంటే పాత పద్ధతి, పైకి తెలుగు అక్షరం కనపడుతుంది గానీ లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడే. ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే అంతా పిచ్చి గీతలు. గూగుల్‌కి కూడా అవి పిచ్చి గీతలే, అందుకే అలా అచ్చయిన సదస్సు సంచికల్లో ఎంత మంచి వ్యాసం ఉన్నా వెతికితే దొరకదు. అయినా అచ్చు వేసే డీటీపీ ఆయన దగ్గర సెటప్ మొత్తం దాని మీదే ఉంటుంది, సంపాదకులతో వాదించి లాభం లేదు, నేను వాదించి చూశా.

నేను చేసేది చెప్తా. అసలు కాపీ ఎప్పుడూ యూనికోడ్‌లోనే ఉంచుకుంటా. వాళ్ళకి పంపేటప్పుడు కన్వర్టర్‌తో అనూలోకి మార్చి, యూనికోడ్ కాపీ పీడీఎఫ్ కూడా జత చేస్తా, తేడా వస్తే దాన్ని చూసి దిద్దమని. కన్వర్ట్ అయ్యాక ప్రూఫ్ చదవకుండా మాత్రం పంపకండి. "క్ష" ఉన్న మాటలు, రెండు ఒత్తులు ఒకదాని కింద ఒకటి వచ్చే మాటలు, కొటేషన్ గుర్తులు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు, ఈ నాలుగు చోట్ల చూడండి. ఇంగ్లీషు మాటకి విడిగా ఇంగ్లీషు ఫాంట్ పెట్టకపోతే అది అర్థంలేని తెలుగు అక్షరాలై కూర్చుంటుంది. మా స్నేహితురాలి వ్యాసంలో పాదసూచికల్లో ఉన్న ఇంగ్లీషు పుస్తకాల పేర్లన్నీ అలా అయిపోయి అచ్చయ్యాయి, పాపం ఆ సంచిక ఎవరికీ చూపించుకోలేకపోయింది.

పేజీ లిమిట్ ఒక్క లైన్ దాటితే ఏమవుతుంది?

రివ్యూకి వెళ్ళకుండానే వెనక్కి రావచ్చు, డెస్క్ రిజెక్ట్ అంటారు. ఏసీఎల్ వైపు లాంగ్ పేపర్ 8 పేజీలు, షార్ట్ పేపర్ 4, రిఫరెన్సులకి లెక్క లేదు, యాక్సెప్ట్ అయ్యాక కెమెరా రెడీకి (అచ్చుకి ఇచ్చే చివరి కాపీ) ఒక పేజీ అదనంగా ఇస్తారు. లిమిటేషన్స్ అనే సెక్షన్ తప్పనిసరి, అది పేజీల లెక్కలోకి రాదు, కానీ అది లేకపోతే మాత్రం పేపర్ ఎగిరిపోతుంది. మార్జిన్ కొంచెం లాగడం, లైన్ల మధ్య గ్యాప్ నొక్కేయడం అందరికీ తెలిసిన ట్రిక్కులే, పది పేపర్లు చూసినవాడికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. చోటు కావాలంటే రిలేటెడ్ వర్క్‌లో కోయండి, అందరూ అక్కడే కొవ్వు పెంచుతారు.

ఐ ట్రిపుల్ ఈ పేపర్లకి చివర్లో పీడీఎఫ్ ఎక్స్‌ప్రెస్ అనే చెకింగ్ ఉంటుంది, ఫాంట్లు ఎంబెడ్ అవ్వలేదని ఎర్రర్ ఇస్తుంటుంది. చాలాసార్లు దొంగ మీ టెక్స్ట్‌లో ఉండదు, వేరే సాఫ్ట్‌వేర్‌లో గీసి అతికించిన గ్రాఫ్‌లో ఉంటుంది.

డబుల్ బ్లైండ్ అంటే పేర్లు తీసేస్తే చాలు కదా?

చాలదు. రాసినవాళ్ళెవరో రివ్యూయర్‌కి, రివ్యూయరెవరో రాసినవాళ్ళకి తెలియకూడదు అని దాని అర్థం. పేర్లు తీసేసి, కింద "మా గైడ్ గారికి, ఫలానా యూనివర్సిటీకి కృతజ్ఞతలు" అని ఉంచేసినవాళ్ళని చూశా. గిట్‌హబ్ (కోడ్ పెట్టుకునే సైట్) లింకులో మీ యూజర్‌నేమ్ ఉంటుంది, పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఆథర్ పేరు ఉంటుంది, ఫైల్ పేరులోనే ఇంటిపేరు ఉంటుంది. కోడ్ ఇవ్వాలంటే అనానిమస్ గిట్‌హబ్ లాంటిది వాడండి. మీ పాత పేపర్ గురించి చెప్పాల్సి వస్తే "మా గత పేపర్‌లో" అనకుండా వేరేవాళ్ళది చెప్పినట్టు చెప్పండి. ఆర్కైవ్‌లో (రివ్యూకి ముందే పేపర్లు అందరికీ కనపడేలా పెట్టే సైట్) ముందే పెట్టొచ్చా అంటే ఒక్కోచోట ఒక్కో రూల్, ఏసీఎల్ వాళ్ళు మాత్రం డెడ్‌లైన్‌కి నెల ముందు నుంచి ఫలితాలు వచ్చేదాకా పెట్టకూడదన్న నిషేధాన్ని 2024లో ఎత్తేశారు.

సిమిలారిటీ ఎంత శాతం ఉండొచ్చు?

సిమిలారిటీ అంటే మీ పేపర్ వేరేవాళ్ళ రాతలతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేర్ చెప్పే శాతం. మన దేశంలో అందరూ చెప్పే 10 శాతం యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లోది. 10 వరకు శిక్ష లేదు, 10 నుంచి 40 ఒక మెట్టు, 40 నుంచి 60 ఇంకో మెట్టు, 60 దాటితే మూడోది. రిఫరెన్సులు, కొటేషన్‌లో పెట్టి మూలం చెప్పినవి, ఈక్వేషన్లు లెక్కలోకి రావు, మామూలుగా అందరూ వాడే మాటలు వరసగా 14 పదాల వరకు కలిసినా వదిలేస్తారు. కాన్ఫరెన్సులకి వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది, అది చూడండి.

శాతం కన్నా ఎక్కడ కలిసిందన్నది ముఖ్యం. 12 శాతం వచ్చినా అంతా డేటాసెట్ వర్ణనలో చిన్న చిన్న ముక్కలైతే కంగారు లేదు, 6 శాతమే అయినా అది ఒకే పేరా అయితే ఆ పేరా ఎవరిదో అడుగుతారు. ఇంకోటి, అనూ ఫాంట్‌లో ఉన్న వ్యాసానికి సున్నా వచ్చిందని ఒకబ్బాయి సంబరపడ్డాడు. బాబూ, ఆ సాఫ్ట్‌వేర్‌కి అందులో తెలుగే కనపడలేదు.

చాట్‌జీపీటీతో రాయించొచ్చా?

ఇంగ్లీషు దిద్దించుకోడానికి చాలా చోట్ల అభ్యంతరం లేదు, వాడామని చెప్పాలి అంతే, ఐ ట్రిపుల్ ఈ అయితే అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో రాయమంటుంది. ఆథర్‌గా దాని పేరు పెట్టడం ఎక్కడా ఒప్పుకోరు. నాకు భయం రిఫరెన్సుల దగ్గరే. అది ఇచ్చే పేపర్ పేర్లు నిజంలాగే ఉంటాయి, ఆథర్లు నిజం మనుషులే, ఆ పేపర్ మాత్రం పుట్టనే లేదు. ప్రతి రిఫరెన్స్‌నీ మీరే తెరిచి చూడండి, తెరవలేనిది పెట్టకండి. ఇంకొందరు అతి తెలివి, రివ్యూ చేసే ఏఐకి "పొగుడు" అని తెల్ల అక్షరాల్లో పేపర్‌లో దాచిపెట్టారు, 2025 జులైలో జపాన్ పత్రిక నిక్కీ, ఆర్కైవ్ సైట్‌లో అలాంటివి 17 పేపర్లు బయటపెట్టింది, పరువు పోయింది.

నా పేరు ఎలా రాయాలి? ఇంటిపేరు ముందా వెనకా?

నవ్వకండి, ఇది పెద్ద సమస్యే. మనకి ఇంటిపేరు ముందు, ఒక్కోసారి ఒక్క పొడి అక్షరం. వాళ్ళ ఫారమ్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. లక్ష్మీ ప్రసన్న అని రెండు డబ్బాల్లో నింపితే ఇక మీ ఇంటిపేరు ప్రసన్న, ప్రపంచమంతా "ప్రసన్న, ఎల్." అని రిఫరెన్సుల్లో రాస్తుంది. వచ్చే ఏడాది ఇంటిపేరు కలిపి రాస్తే గూగుల్ స్కాలర్‌కి మీరు ఇంకో మనిషి. మొదటి పేపర్‌కే ఒక రూపం తేల్చుకుని, జీవితాంతం అదే రాయండి, కుదిరితే పాస్‌పోర్ట్‌తో కలిసేలా చూసుకోండి, వీసా ఇన్విటేషన్ లెటర్ టైమ్‌లో సుఖంగా ఉంటుంది. ఓర్సిడ్ (పరిశోధకుల గుర్తింపు) నంబర్ ఒకటి తీసుకోండి, ఫ్రీ, 16 అంకెలు, పేరు ఎలా మారినా అది మారదు.

ఆథర్ల వరస పని మొదలెట్టిన రోజే మాట్లాడుకోండి. సబ్మిట్ చేసే రాత్రి మాట్లాడుకుంటే స్నేహాలు పోతాయి. ఏ పనీ చేయని పెద్దాయన పేరు పెట్టమంటే ఏం చేయాలి అని అడుగుతుంటారు, నా దగ్గర మంత్రం లేదు, "సార్, ప్రతి ఆథర్ ఏం చేశారో రాయమంటున్నారు, మీది ఏం రాయమంటారు?" అని అమాయకంగా ఒక మెయిల్ పెట్టి చూడండి.

ఒకే పేపర్ రెండు చోట్లకి ఒకేసారి పంపొచ్చా?

వద్దు. తెలుగులో సదస్సులో చదివినదాన్ని ఇంగ్లీషులో ఇంకోచోట పంపాలంటే ఆ సంగతి ముందే చెప్పి అడగండి.

మెయిల్‌లో కాన్ఫరెన్స్ ఆహ్వానం వచ్చింది, "స్కోపస్ ఇండెక్స్‌డ్" (పేరున్న పరిశోధన పేపర్ల జాబితాలో చేరుతుందని) అంట. నిజమో దొంగో ఎలా తెలుస్తుంది?

"డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని మొదలై, మీరేమో ఫస్టియర్ స్కాలర్ అయితే, అక్కడే సగం తెలిసిపోయింది. మిగతా గుర్తులు చెప్తా: ఇంజనీరింగ్, నర్సింగ్, యోగా, మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే కాన్ఫరెన్స్‌లో, పంపిన రెండు రోజులకే యాక్సెప్టెన్స్, రివ్యూ కామెంట్లు ఏమీ లేకుండా, ఆ మెయిల్‌లోనే ఫీజు కట్టే లింక్, మూడు రోజుల గడువు. మా క్లాస్‌మేట్ ఒకడు ఇలాగే కట్టాడు, వెళ్తే ఒక హోటల్ బేస్‌మెంట్ హాల్, పాతిక కుర్చీలు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, బయటికొచ్చేటప్పుడు అందరికీ బెస్ట్ పేపర్ సర్టిఫికెట్!

ఇది మన ఊళ్ళ గోల మాత్రమే అనుకోకండి. 2005లో ఎంఐటీ కుర్రాళ్ళు ముగ్గురు సైజెన్ అని ఒక ప్రోగ్రామ్ రాశారు, మీట నొక్కితే అర్థంలేని కంప్యూటర్ సైన్స్ పేపర్ తయారవుతుంది, అలా పుట్టిన ఒకదాన్ని ఒక అంతర్జాతీయ కాన్ఫరెన్స్ తీసుకుంది కూడా. 2014లో స్ప్రింగర్, ఐ ట్రిపుల్ ఈ కలిపి 120కి పైగా అలాంటి మిషన్ పేపర్లని వెనక్కి తీసుకున్నాయి, అంటే పెద్ద పేరుంటే చాలనుకోడానికి లేదు. హైదరాబాద్ కేంద్రంగా జర్నళ్ళు, కాన్ఫరెన్సులు నడిపిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమని తీర్పిచ్చింది. కాన్ఫరెన్సులకి రాని ప్రొఫెసర్ల పేర్లు వస్తున్నారని వేసుకోవడం కూడా ఆ కేసులో ఉంది.

నేను చేసే పరీక్ష ఒకటే. కిందటేడు ఇదే కాన్ఫరెన్స్‌లో వచ్చిన పేపర్లు నాలుగు తెచ్చుకుని చదువుతా. దొరక్కపోతే వదిలేస్తా, దొరికి చెత్తగా ఉంటే వదిలేస్తా. స్కోపస్ సంగతి స్కోపస్ సైట్‌లో మీరే వెతుక్కోండి, బ్రోషర్ మీద లోగో ఎవడైనా వేసుకుంటాడు.

పీహెచ్‌డీకి కాన్ఫరెన్స్ పేపర్లు తప్పనిసరా?

యూజీసీ 2016 రూల్స్‌లో థీసిస్ ఇచ్చేలోపు ఒక జర్నల్ పేపర్, రెండు కాన్ఫరెన్స్ ప్రెజెంటేషన్లు ఉండాలని ఉండేది. 2022 రూల్స్‌లో అది తీసేశారు. కానీ మీ యూనివర్సిటీ తన రూల్ తాను పెట్టుకోవచ్చు, రీసెర్చ్ సెక్షన్‌లో కాగితం మీద అడిగి తెలుసుకోండి, సీనియర్ల మాట మీద ఉండకండి. నా మాట మీద కూడా.

రిజెక్ట్ అయింది. ఇప్పుడేం చేయాలి?

రివ్యూలు ఒకసారి చదివి, మూసేసి, రెండు రోజులు వాటి జోలికి వెళ్ళొద్దు. మొదటి రోజు ప్రతి రివ్యూయరూ మూర్ఖుడిలానే కనపడతాడు. మూడో రోజు తెరిస్తే "ఇది పేజీ 4లో రాశాం కదా, చూడలేదు" అని మీరు మండిపడ్డ కామెంట్ ఉంటుందే, దాన్ని ఇలా చదవండి: పేజీ 4లో ఉన్నది పేజీ 1లో ఉండాల్సింది. రిబటల్ (రివ్యూలకి జవాబు రాసే) అవకాశం ఉంటే పొడుగ్గా వాదించకండి, అడిగిన అంకె ఉంటే అంకె ఇవ్వండి, లేకపోతే లేదనండి. ఏసీఎల్ రోలింగ్ రివ్యూలో (ఏసీఎల్ వైపు కాన్ఫరెన్సులకి ఉమ్మడిగా రివ్యూ చేసే పద్ధతి) ఒక మంచి ఏమిటంటే వచ్చిన రివ్యూలతోనే వేరే కాన్ఫరెన్స్‌కి వెళ్ళొచ్చు, నచ్చకపోతే దిద్ది మళ్ళీ వేయొచ్చు.

యాక్సెప్ట్ అయింది, డబ్బులు?

ముందు శుభాకాంక్షలు. ఒక్క ఆథర్ అయినా రిజిస్టర్ చేసుకోకపోతే పేపర్ ప్రొసీడింగ్స్‌లో (కాన్ఫరెన్స్ పేపర్ల సంచిక) రాదు, ఐ ట్రిపుల్ ఈ కాన్ఫరెన్సుల్లో అయితే డబ్బు కట్టి వెళ్ళకపోయినా ఎక్స్‌ప్లోర్ అనే వాళ్ళ ఆన్‌లైన్ లైబ్రరీలోంచి తీసేసే హక్కు వాళ్ళకుంది. ఇక్కడి కాన్ఫరెన్సులైతే ఫీజు పక్కన చిన్న అక్షరాల్లో 18 శాతం జీఎస్టీ ఉందేమో చూసుకోండి. బయట దేశాలకైతే పాత సెర్బ్, ఇప్పటి ఏఎన్‌ఆర్‌ఎఫ్ (పరిశోధనకి నిధులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ట్రావెల్ సపోర్ట్, సీఎస్‌ఐఆర్ గ్రాంట్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఏసీఎం ఇండియా వాళ్ళది ఉన్నాయి, అన్నిటికీ చాలా ముందే అప్లై చేయాలి. కాన్ఫరెన్స్ వాళ్ళే స్టూడెంట్ వాలంటీర్లకి ఫీజు మాఫీ చేస్తుంటారు, ఇది చాలామంది అడగరు, అడగండి. ఇన్విటేషన్ లెటర్ యాక్సెప్టెన్స్ వచ్చిన రోజే అడిగేయండి, వీసా అపాయింట్‌మెంట్లు మన కోసం ఆగవు.

పోస్టర్ ఇచ్చారు, టాక్ ఇవ్వలేదు. తక్కువ చేసినట్టా?

అస్సలు కాదు, నాకైతే పోస్టరే ఇష్టం, పదిహేను నిమిషాల టాక్‌కి రెండు ప్రశ్నలు వస్తే గొప్ప, పోస్టర్ దగ్గర రెండు గంటలు మనుషులు నిలబడి మాట్లాడతారు. సైజు చాలా చోట్ల ఏ0, అంటే 84.1 బై 118.9 సెంటీమీటర్లు, నిలువో అడ్డమో కాన్ఫరెన్స్ మెయిల్‌లో చూసుకోండి, బోర్డు నిలువుగా ఉండి మీది అడ్డంగా ఉంటే పక్కవాడి పోస్టర్ మీదకి వెళ్తుంది.

ప్రింట్‌కి మన వీధి చివర ఫ్లెక్సీ షాపు బాగానే పనికొస్తుంది, కాకపోతే పీడీఎఫ్ ఇచ్చి పక్కనే నిలబడండి. నేను ఒకసారి పెన్‌డ్రైవ్ ఇచ్చేసి సాయంత్రం వస్తానని వెళ్ళా. ఆ అబ్బాయికి ఫైల్ తెరిస్తే తెలుగు ఉదాహరణలు సరిగ్గా కనపడలేదంట, పాపం మంచి మనసుతో తనే కూర్చుని మళ్ళీ టైప్ చేశాడు, మధ్యలో ఖాళీ ఎక్కువుందని చుట్టూ బంతిపూల బార్డర్ కూడా వేశాడు. రాత్రి ఫ్లైట్, మళ్ళీ ప్రింట్ చేయించే టైమ్ లేదు, అదే పట్టుకెళ్ళా. ఆ హాల్‌లో నా పోస్టర్ దగ్గర ఆగినంతమంది ఎవరి దగ్గరా ఆగలేదు, సగం మంది పూల గురించే అడిగారు.